తాడు లోపలి ఎడ్లు

మా మేనత్త ఎదురొస్తే పని చెడుతుందని మా ఊళ్లో అందరికీ తెలుసు. ఆమె చేత పని చేయించుకోని ఇల్లు మాత్రం ఊళ్లో ఒక్కటీ లేదు. ఎవరికి పురుడు వచ్చినా అత్త కావాలి. ఆవు ఈనలేక గింజుకుంటుంటే అత్త కావాలి. పెళ్లికి ఊరంతటికీ సరిపడా పులిహోర కలపాలంటే అత్త కావాలి. పులిహోర కలిపాక, తాళి కట్టే వేళకు ఆమె పెరట్లోకి వెళ్లిపోవాలి. వెళ్లమని ఎవరూ చెప్పేవారు కాదు. ఎవరూ చెప్పాల్సిన అవసరం రాకుండా ఆమే లేచి వెళ్లేది. నాకు ఒళ్లు మండేది సరిగ్గా అక్కడే.

అత్త మా నాయినకు అక్క. పెళ్లయిన కొత్తలోనే భర్త పోయి, పాల్వంచ దాటాక అడవి మొదలయ్యే చోట ఉన్న మా ఊరికి, పుట్టింటికే తిరిగొచ్చింది. నాకు ఊహ తెలిసేనాటికి ఆమె ఉదయం వాకిట్లోకి రాదు. ఎవరైనా బస్సుకు బయలుదేరుతున్నారంటే చెప్పుల చప్పుడు విని గోడ వెనక ఆగేది. వాళ్లు మలుపు తిరిగాక అప్పుడు బయటికొచ్చి తన పని చూసుకునేది. చిన్నప్పుడు అది ఏదో ఆట అనుకుని నేనూ ఆమె కొంగు పట్టుకుని గోడ వెనక నక్కేదాన్ని. అది ఆట కాదని తెలిసిన రోజు నుంచి ఆ గోడను చూస్తే నాకు కసి.

మా అమ్మ నా ఆరో ఏట పోయింది. ఆ తర్వాత నన్ను పెంచింది అత్తే. నాకు జడ వేసింది, జ్వరమొస్తే పాల్వంచ దవాఖానాకు ఎత్తుకుని నడిచింది, పలక మీద నేను ఏం రాశానో తెలియకపోయినా బాగుందంది. అలాంటి మనిషి నా పెళ్లిలో వెనకింట్లో కూర్చుంది. నేను పీటల మీద కూర్చుని తల తిప్పి వెతికాను. కొత్త పెళ్లికూతురు అటూ ఇటూ చూడకూడదని ఎవరో నా తల వంచేశారు.

ఇక ఎడ్ల సంగతి. ఒక వానాకాలంలో మా ఇంట్లో రెండు ఆవులు వారం తేడాలో ఈనాయి. ఒక ఆవు పాము కాటుకు పోయింది. రెండోదానికి ఒక దూడకే పాలు చాలవు. రెండూ కోడెదూడలే. బతకవు, వదిలెయ్యమన్నారు అందరూ. అత్త గంజిలో ఇన్ని పాలు కలిపి, అందులో చేయి ముంచి ఆ వేళ్లు దూడల నోట్లో పెట్టేది. అవి వేళ్లు చప్పరిస్తూ తాగడం నేర్చాయి. పెద్దవై కొమ్ములొచ్చి మూపురాలు తిరిగాక కూడా వాటికి ఆ అలవాటు పోలేదు. కుడితి తొట్టి దగ్గరికి రాగానే నిలబడి చూస్తాయి. అత్త నీళ్లలో చేయి ముంచి చాచాలి. ముందు ఆ చేతిని నాకుతాయి, తర్వాతే మూతి నీళ్లలో పెడతాయి. ఇంట్లో అందరం నవ్వేవాళ్లం. ఇంతింత ఎడ్లకు ఇంకా పాలు తాగే బుద్ధి పోలేదని నాయిన ఎగతాళి చేసేవాడు. అత్త వాటి మూతులు కొంగుతో తుడిచేది.

ఎనభైల్లో మా వైపు ఒక బండ్ల పందెం జరిగేది. ఒక్క ఊపున ఉరికి ఆగిపోయే పందెం కాదది. పొద్దు పొడుస్తుండగా మా ఊరి బయట చింతతోపులో బయలుదేరితే, అడవి దారెంట వెళ్లి గోదారి ఒడ్డు చేరేసరికి ఎవరి నీడ వారి కాళ్ల కిందికొచ్చేది. ఎడ్లను కొట్టకూడదు, ముల్లుగర్ర తగిలించకూడదు. తోలేవాడి నోటిమాట మీదే నడవాలి. అందుకని ముందు రోజు జనమంతా ఎడ్లను చూడటానికే వచ్చేవారు. పందెం చూసినా చూడకపోయినా ముందురోజు తోపు చూడాలనేవారు. పరిగెత్తేటప్పుడు దుమ్మే కదా కనిపించేది.

ఆ తోపుకు ఒక తాడు ఉండేది. పసుపు నీళ్లలో ముంచిన పెద్ద మోకు, చింతచెట్ల మొదళ్లకు చుట్టూ తిప్పి, మధ్య మధ్య వేపమండలు గుచ్చేవారు. ఒకసారి లోపలికొచ్చిన జత పందేనికి తప్ప బయటికి పోకూడదు. మగవాళ్లు ఎవరైనా లోపలికి పోవచ్చు, తాగినవాడైనా సరే. ముత్తైదువలు బొట్టు పెట్టడానికి పోవచ్చు. భర్త పోయిన ఆడది మాత్రం తాడు దాటకూడదు. ఎవరు పెట్టారో ఈ నియమం, అడిగితే ఎవరికీ తెలియదు. తానేసిన ముడి అయితే విప్పడం తెలుస్తుంది, తాతలేసిన ముడి కనుక మొక్కడమే తెలుసు.

నాకు పెళ్లయి ఏడాది తిరక్కముందే నాయిన మొదటిసారి మా జతను పందేనికి పెట్టాడు. నేను అప్పుడు పాల్వంచలో కంపెనీ కాలనీలో కాపురం ఉన్నాను. మా ఆయనకు షిఫ్టు డ్యూటీ. నన్ను రమ్మని నాయిన కబురు పంపాడు. బండి కదిలేముందు ఆ ఇంటి ముత్తైదువ నిండు బిందెతో ఎదురు రావాలి, అది ఆచారం. మా ఇంట్లో ముత్తైదువ అంటే ఇక నేనే. ఎడ్లను పెంచింది ఒకరు, మంచి శకునం మరొకరు. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు ఉంది యవ్వారం అని నవ్వుకుంటూ బస్సెక్కాను. ఆ నవ్వు తోపు దాకా కూడా నిలవలేదు.

శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్లిపోయింది. ఎండ అప్పుడే చురుక్కుమంటోంది, అడవి వైపు నుంచి ఇప్పపూల వాసన వస్తోంది. పందేనికి ముందురోజు బస్సు దిగి నేరుగా తోపుకే నడిచాను. లోపల జాతరలా జనం. షిఫ్టు దిగి ఖాకీ బట్టల్తోనే వచ్చినవాళ్లు, పర్ణశాల వెళ్తూ దారిలో ఆగిన యాత్రికులు, పిల్లల్ని భుజాన కూర్చోబెట్టుకున్న తండ్రులు. పెనుబల్లి వైపు నుంచి వచ్చిన ఒంగోలు జత దగ్గర అందరికన్నా ఎక్కువ మంది ఉన్నారు. తెల్లగా, ఎత్తుగా, కొమ్ములకు ఎర్ర రంగు వేసుకుని నిలబడ్డాయి. వాటిని తోలేవాడు ఎవరితోనూ మాట్లాడడు. వేపనూనె వేడిచేసి వాటి కాళ్ల కీళ్లకు రుద్దుతూ కూర్చున్నాడు. ఎంత దూరం ఉరుకుతాయి, ఏం పెడతావు అని జనం అడిగితే, గిట్టలకు కొట్టిన నాడాలు చూపించి ఊరుకున్నాడు.

ఆ పక్కన అడవి ఊరి నుంచి వచ్చిన పొట్టి ఎడ్లు. వాటిని చూసి జనం నవ్వారు. మేకల్ని కట్టుకొచ్చాడని ఒకడన్నాడు. తోలే ముసలాయన ఆ మాట పట్టించుకోలేదు. ఎడ్లతో తన భాషలో ఏదో చెబుతున్నాడు. నాకొక్క ముక్క అర్థం కాలేదు, వాటి చెవులు మాత్రం ఆయన నోటి వైపే తిరిగి ఉన్నాయి. ఉడకబెట్టిన ఉలవలు దోసిట్లో పెట్టుకుని, ఒకటి తిన్నాక ఒకటి అన్నట్టు వరస తప్పకుండా పెట్టాడు. నేను చూస్తున్నానని ఒక గుప్పెడు నాక్కూడా ఇచ్చాడు. తిన్నాను, ఉప్పు సరిపోయింది.

మా జత చివరి చెట్టు కింద ఉంది. బండి తోలేది మా ఊరి చర్చి పక్కన ఉండే మనిషి. అత్తకు చిన్నప్పటి నుంచీ తెలిసినవాడు, ఆమెను అమ్మా అనే పిలుస్తాడు. మామూలుగా నన్ను చూస్తే ఏదో ఒక వేళాకోళం ఆడేవాడు. ఆ రోజు తల ఎత్తలేదు. ఎడ్ల ముందు నాలుగు బకెట్లున్నాయి. ఒకదాంట్లో బావి నీళ్లు, ఒకదాంట్లో తవుడు కలిపిన నీళ్లు, ఒకదాంట్లో బెల్లం నీళ్లు. నాలుగో దాంట్లో ఏముందో కూడా ఎవరికీ గుర్తులేదు. పొద్దుటి నుంచి ఎడ్లు ఒక్కదాంట్లోనూ మూతి పెట్టలేదట. పెదాలు ఎండిపోయి ఉన్నాయి. దాపట ఎద్దు, అంటే కాడికి ఎడమ పక్కన కట్టేది, మనుషుల్ని ఒక్కొక్కరినీ చూసి ముఖం తిప్పుకుంటోంది.

చూడవచ్చినవాళ్లలో ప్రతివాడూ ఒక వైద్యుడే. దిష్టి తగిలిందని ఒకరు మిరపకాయలు తిప్పారు. ఎవరో చేతబడి చేశారని ఇంకొకరు గుమ్మడికాయ కొట్టారు. కంపెనీ పొగ పడిన గడ్డి తిన్నాయని మూడోవాడు నిర్ధారించాడు. ఎద్దు ఈనిందంటే దూడను గాటన కట్టెయ్యమనే రకం అందరూ. నాకు మాత్రం చూడగానే తెలిసింది. అత్త ఎక్కడ అని అడిగాను. బండి తోలే ఆయన గడ్డంతో తాడు వైపు చూపించాడు.

తాడుకు అవతల, తుమ్మచెట్టు కింద, అత్త నిలబడి ఉంది. నీడ కూడా సరిగా లేదక్కడ. చేతిలో ఇంటి బకెట్టు. పొద్దుట నుంచి అలాగే ఉందట. ఇంట్లోనే ఉండమని నాయిన చెప్పాడట, ఈ ఒక్క మాట తమ్ముడిది వినలేదట. నేను తాడు కింది నుంచి దూరి ఆమె దగ్గరికి వెళ్లాను. నా ముఖం చూసి, బస్సులో కూర్చోడానికి చోటు దొరికిందా అని అడిగింది. ఎడ్లు చచ్చేలా ఉంటే నీకు నా సీటు గురించి ఎందుకని కసురుకున్నాను. అప్పుడు ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. తన చేయి కోసమే అవి ఆగాయని ఆమెకు తెలుసు. లోపలికి రమ్మంటే మాత్రం తల అడ్డంగా ఊపింది.

“నేను దాటితే రేపు బండి బోల్తా పడ్డా నా మీదికే వస్తది, గడ్డి పరక అంటుకున్నా నా మీదికే వస్తది. నాకేం గాదు బిడ్డా, నేను పడుత. మీ నాయిన పడలేడు.”

నేను తిరిగి లోపలికి వెళ్లి నాయినను చెట్టు చాటుకు తీసుకుపోయాను. నాయిన చెడ్డవాడు కాదు. అక్క అంటే ప్రాణం. ఆ ప్రాణాన్ని గోడ వెనక దాచి పెట్టడం తప్పని ఎన్నడూ అనిపించని మంచివాడు, అంతే. రేపు ఒక్కరోజు గడిస్తే చాలన్నాడు. ఊరంతా చూస్తోందన్నాడు. ఇన్ని ఊళ్లవాళ్ల ముందు తను మాత్రమే తాడు మాటను కాదంటే రేపటి నుంచి తనను ఏ పంచాయతీలోనూ కూర్చోనివ్వరన్నాడు. నేను విన్నాను. విని, చాలా ఏళ్లుగా నా గొంతులో ఉన్న మాట అడిగేశాను.

“అమ్మ పోయినంక నువ్వు ఎదురొస్తే ఎవరన్న ఆగిండ్రా నాయినా?”

నాయినకు భార్య పోయింది, అత్తకు భర్త పోయాడు. పోవడంలో తేడా లేదు. ఒకరు పంచాయతీలో పెద్ద, ఒకరు గోడ వెనక. నాయిన తువ్వాలుతో ముఖం తుడుచుకుని ఎడ్ల దగ్గరికి వెళ్లిపోయాడు. ఆ సమయాన ఆయన మీద నాకు జాలి లేదు. ఇప్పుడు కూడా లేదు.

బండి తోలే ఆయనకు ఒక ఉపాయం తట్టింది. అత్త పాత చీర ముక్క ఒకటి బండిలో ఉంది, ఎడ్ల ఒళ్లు తుడిచేది. దాన్ని నెత్తి మీద కప్పుకుని, నడుం వంచి, అత్తలాగే నాలుకతో టక్కుమని చప్పుడు చేస్తూ బకెట్లో చేయి ముంచి చాచాడు. ఆయనకు ఇంత మీసం. దాపట ఎద్దు ముక్కు దగ్గరికి తెచ్చింది, చీరను వాసన చూసింది, మీసాన్ని చూసింది, ఫుర్రున చీది ఆయన ముఖమంతా తడిపింది. తోపంతా పగలబడి నవ్వింది. నేను కూడా నవ్వాను, నవ్వుతుంటేనే ఏడుపు వచ్చింది. ఆయన ముఖం తుడుచుకుని, గట్టిగానే, అందరికీ వినబడేలా అన్నాడు.

“మా ఇంట్ల మా అమ్మ ఎదురొస్తనే నేను పనికి పోత. మా నాయిన పోయి ఎన్నేండ్లాయె, నాకు ఏడా కాలు విరగలే. ఆ అమ్మను పిలువుండ్రి పటేలా.”

మీ పద్ధతులు వేరు, మావి వేరు అని ఎవరో అన్నారు. ఎడ్ల పద్ధతి ఏంటో ఒక్కరూ అడగలేదు. అంతలో పందెం పెద్ద వచ్చాడు. రెల్లుపూలలాంటి తెల్లమీసాలాయన. పొద్దు గూకే లోపల నీళ్లు ముట్టకపోతే ఆ జతను కాడికి కట్టనివ్వనన్నాడు. ఆ మాట న్యాయమైనదే. ఎండలో అంత దూరం ఎండు గొంతుతో ఉరికితే ఎద్దు దారిలోనే కూలుతుంది. కాని న్యాయమైన ఆ మాట వినగానే మావాళ్లు చెయ్యబోయిన పని చూడండి. ఒకడు పోయి వెదురుగొట్టం తెచ్చాడు. పశువులకు మందు పోసే గొట్టం. తల ఎత్తి పట్టుకుని నీళ్లు గొంతులోకి పోసేద్దామన్నారు. నలుగురు దాపట ఎద్దు మీద పడి కొమ్ములు పట్టుకున్నారు, ఒకడు ముకుతాడు పైకి లాగాడు. అది అరిచింది. ఎద్దు రంకె నేను చాలా విన్నాను. అది రంకె కాదు, దూడగా ఉన్నప్పుడు తల్లి కోసం అరిచిన అరుపే, గొంతు పెద్దదయింది అంతే.

నేను గొట్టం లాక్కోవడానికి పోయేలోపే తోపు ఒక్కసారిగా సద్దుమణిగింది. తిరిగి చూశాను. అత్త తాడు ఎత్తింది. వంగి, దాని కింది నుంచి, బకెట్టు తొణక్కుండా, ఇవతలికి వచ్చింది. వేపమండ ఒకటి ఆమె నెత్తికి తగిలి కింద పడింది. జనం దారి ఇచ్చారు, గౌరవంతో కాదు, తగలకూడదని. ఆమె ఎవరినీ చూడలేదు. నేరుగా గొట్టం పట్టుకున్నవాడి ముందు నిలబడింది.

“గొట్టం అవతల పారెయ్. ఊపిరితిత్తులల్లకు నీళ్లు పోతే పొద్దుటికి చస్తది. చంపినంక ఎవరికి శకునం జూస్తరు?”

వాడు గొట్టం కింద పెట్టాడు. అత్త బకెట్టు దించి, మోచేతి దాకా చేయి ముంచి చాచింది. దాపట ఎద్దు నాకింది. ముందు అరచేయి, తర్వాత మణికట్టు, తర్వాత మోచేయి దాకా నాకింది. అటు నుంచి రెండోది మెడ చాచి ఆమె భుజాన్ని నెట్టింది. అప్పుడు రెండూ మూతులు ముంచాయి. ఒక బకెట్టు అయిపోయింది. బండి తోలే ఆయన పరుగెత్తి ఇంకొకటి తెచ్చాడు. అదీ అయిపోయింది. ఆ నిశ్శబ్దంలో అవి నీళ్లు పీల్చే చప్పుడు తోపంతా వినబడింది. ఒంగోలు ఎడ్ల కాళ్లు రుద్దే ఆ మాట్లాడని మనిషి కూడా లేచి నిలబడి చూశాడు.

కథ అక్కడితో అయిపోతే బాగుండేది. ఊరు అంత తొందరగా ఓడిపోదు. పందెం పెద్ద గొంతు సవరించుకుని, ఎడ్లు తాగాయి గనక పందేనికి కట్టుకోవచ్చు, కాని రేపు బండి కదిలే వేళకు ఆమె అక్కడ కనిపించకూడదు అన్నాడు. జరిగింది జరిగిందట, రేపటి దానికైనా పద్ధతి ఉండాలట. నాయిన నేల చూస్తూ నిలబడ్డాడు. అత్త ఖాళీ బకెట్టు తీసుకుని, సరేనని తలూపి, మళ్లీ తాడు కింది నుంచే బయటికి వెళ్లింది. ఎద్దు పుండు కాకికి ముద్దా అంటారు. ఎడ్లు తాగితే చాలు వీళ్లకు, తాగించిన చేయి అక్కర్లేదు. ఆ క్షణంలోనే నేను నిర్ణయించుకున్నాను. ఏం చేస్తానో తెలియదు, ఊరుకోనని మాత్రం తెలుసు.

తెల్లారి బండ్లన్నీ దారి మీద వరసగా నిలిచాయి. మువ్వల పట్టెడలు, కొమ్ములకు కుచ్చులు. కాస్త ముందుకు, దారి పక్కన ఒక పాత దిగుడుబావి ఉంది, చుట్టూ నడుం ఎత్తు రాతిగోడ. ముత్తైదువలు ఆ బావిలో బిందె నింపుకుని ఎదురు రావాలి. ఒక్కో బండికీ వాళ్ల ఇంటి ఆడమనిషి వచ్చేది. ఆమె దాటగానే బండి యజమాని ‘పోనీ’ అనాలి. ఆ మాట ఆయన నోటి నుంచి వస్తేనే బండి కదలాలి. మా బండి వంతు వచ్చేసరికి నేను బావి దగ్గరికి నడిచాను. పట్టుచీర కట్టారు నాకు, నెత్తి నిండా పూలు పెట్టారు. బలికి పోయే మేకకు కూడా ఇంత అలంకారం ఉండదు.

బావి గోడ వెనక అత్త ఉంది. ఉంటుందని నాకు తెలుసు. ఎడ్లు కదిలేటప్పుడు చూడకుండా ఆమె ఉండలేదు, కనిపించకూడదంటే ఆ గోడ తప్ప వేరే చాటు లేదు. నాకోసం అప్పటికే బిందె నింపి పెట్టింది. గోడ రాళ్ల మధ్య సందు ఒకటి చూసుకుంది, అందులోంచి బండ్లు కనిపిస్తాయి. నా నడుం మీద బిందె పెట్టబోయింది. నేను వెనక్కి జరిగాను. నేను పోను, నువ్వు పో అన్నాను. ఆమె భయపడింది. తన కోసం కాదు, నా పసుపు కుంకుమల కోసం. నీ సంసారం మీద పడుతది బిడ్డా, నా నీడ నీకొద్దు అంది. నన్ను పెంచిన మనిషి, నాకు జడ వేసిన మనిషి, తన నీడకు నన్ను దూరంగా ఉండమంటోంది. నేను ఆ పట్టుచీరతోనే గోడ వెనక మట్టిలో చతికిలబడ్డాను.

“నా పెండ్లిల నువ్వు వెనకింట్ల కూసున్నవ్ అత్తా. ఇయ్యాల నేను కూసుంట. నువ్వు వోతవా, బండి ఈడనే ఉండాల్నా?”

బండ్ల దగ్గర నుంచి నా కోసం కేకలు వినబడుతున్నాయి. అత్త నన్ను చూసింది, సందులోంచి ఎడ్లను చూసింది. కొంగు నడుంకు దోపుకుంది. బిందె ఎత్తుకుంది.

నేను ఆ సందుకు కన్ను పెట్టాను. అప్పుడు నాకు తెలిసింది, ఇన్నేళ్లూ ఆమెకు ఊరు ఎలా కనిపించిందో. రెండు రాళ్ల మధ్య నుంచి, కాళ్లు కనిపిస్తే తలలు కనిపించకుండా, ముక్కలు ముక్కలుగా. ఆ ముక్కల్లోంచే తెల్లచీర ఒకటి దారి నడిమధ్య నడుచుకుంటూ పోయింది. పక్కన కాదు, నడిమధ్యన. నుదుట బొట్టు లేదు, చేతికి గాజుల్లేవు, నడుం మీద నిండు బిందె. కేకలు ఆగిపోయాయి. పందెం పెద్ద చేయి పైకెత్తి అలాగే నిలబడిపోయాడు. ఎవరో నాయిన భుజం పట్టుకుని ఆమెను ఆపమన్నారు.

ఎడ్లు ఆమెను చూశాయి. రెండూ ఒక్కసారే తల ఎత్తాయి, మువ్వలు ఘల్లుమన్నాయి. అత్త వాటి ముందు నుంచి, తొందర పడకుండా, బండి పక్కగా దాటింది. ఇక ఆ ఒక్క మాట రావాలి. నాయిన నోటి వైపే అందరి చూపూ. నాకు ఆ రాళ్ల సందులోంచి ఆయన ముఖం కనిపించలేదు, భుజం మీద ఉన్న ఎవరిదో చేయి మాత్రం కనిపించింది. ఆ చేతిని ఆయన తన చేత్తో తీసి పక్కన పెట్టాడు.

“పోనీ,” అన్నాడు నాయిన.

బండి తోలే ఆయన పగ్గం సడలించాడు. ఎడ్లు కదిలాయి. నేను గోడ వెనక నుంచి లేచి, మట్టి చీరతో, నెత్తిన పూలతో, అందరికీ కనిపించేలా దారి మీద నిలబడ్డాను. నన్ను ఎవరేం అన్నారో గుర్తులేదు. చాలానే అన్నారు.

ఇది చెప్పినప్పుడల్లా చివర ఒకటే ప్రశ్న అడుగుతారు, గెలిచాయా అని. మా కాలనీలో అడిగారు, మా పిల్లలు అడిగారు, మొన్నటికి మొన్న బస్సులో పక్క సీటామె అడిగింది. నేను చెప్పను. గెలిచాయంటే, చూశావా ఆమె ఎదురొచ్చింది కనకే అంటారు. ఓడిపోయాయంటే, చూశావా ఆమె ఎదురొచ్చింది కనకే అంటారు. వీళ్లు పట్టిన కుందేటికి ఎప్పుడూ మూడే కాళ్లు. ఎడ్లు అడవి దాటాయి, గోదారి చూశాయి, మర్నాడు నడుచుకుంటూ ఇంటికొచ్చి కుడితి తొట్టి ముందు నిలబడి అత్త చేయి కోసం చూశాయి. నేను చెప్పేది అంతవరకే. మా ఆయన కూడా నిక్షేపంగా ఉన్నాడు. ఆ షిఫ్టులన్నీ చేసి రిటైరయ్యాడు, ఈ రోజుకీ కూరలో ఉప్పు తక్కువైందని నాతో తగువు పెట్టుకుంటాడు.

ఆ తర్వాత కొన్నాళ్లకు నేను పుట్టింట్లో ఉండగా నాయిన ఏదో పని మీద భద్రాచలం బయలుదేరాడు. చెప్పులు వేసుకున్నాడు, గొడుగు తీసుకున్నాడు, గుమ్మంలో నిలబడ్డాడు. వెళ్లడం లేదు. బస్సు తప్పిపోతుందని నేను తొందర పెట్టాను. ఆయన పశువుల కొట్టం వైపు తిరిగి, కాస్త సిగ్గుపడుతూ, గొంతు పెంచి పిలిచాడు.

“అక్కా, జర ఎదురు రా. పోయొస్త.”

కొట్టంలోంచి బకెట్టు చప్పుడు ఆగింది. అత్త బయటికి రాలేదు, గోడ వెనక్కూ పోలేదు.

“ఎడ్లు నీళ్లు తాగుతున్నయిరా. నాకు పనుంది, నువ్వు పో,” అంది.